ఉతకని చొక్కా

జూన్ 9

చిన్నోడికి,

ముందు కుక్కల సంగతి రాస్తాను, లేకపోతే నా సంగతి నువ్వు చదవవు. నాలుగూ బాగానే ఉన్నాయి. నేనూ ఉన్నాను. గేటు గొళ్ళెం చూసుకుని వచ్చి కూర్చున్నాను, మధ్యలో మళ్ళీ చూడాలనిపిస్తే లేస్తాను, అక్షరాలు అక్కడ వంకర పోతే ఏమనుకోకు.

ఎదురింటి టైలరమ్మ షాపుకి ఫోను చేశావు చూడు, ఇంకెప్పుడూ అలా చేయకు. నాకు చెవి మందమని ఆ పిల్ల ఫోను గట్టిగా పెట్టింది. నా వెనకే తోక ఊపుకుంటూ వచ్చిన పోలీసు నీ గొంతు విన్నాడు. ఇంటికి పరిగెత్తి మిగతావాటికి ఏం చెప్పాడో ఏమో, నాలుగూ కలిసి మంచాల కింద, తలుపుల వెనక, బాత్రూములో ఒకటే వెతుకులాట. ఆ రోజు ఏదీ తిండి ముట్టలేదు. మనిషికైతే అది ఫోనురా నాయనా అని చెప్తాం. వీటికి ఏమని చెప్పను? ఉత్తరాలే రాసుకుందాం. వాటికి చదువు రాదు. నాకు మాత్రం ఎంత వచ్చిందిలే.

నీలా రిటైరైన ఫిట్టరుని మళ్ళీ మిల్లుకి పిలిచి పాత మిషన్లు బిగించమనడం ఏంటో, ఆ ఊళ్ళో మనుషులే లేరా అనిపిస్తుంది. ఉత్తరాలు మిల్లుకి కాకుండా నీ స్నేహితుడు స్టోరుకీపరు ఇంటికి రాయమన్నావు, అదీ ఎందుకో అర్థం కాలేదు. వేళకి తింటున్నావా? నీ సంచీ పిడి తెగేలా ఉందని చెప్పాను, దారిలో తెగిందా?

మీ అన్నయ్య పోయాక ముందు గది నాకు, వెనక గది నీకు అని పంచుకుని ఇన్నేళ్ళు ఉన్నాం. నీ కుక్కలు నా గుమ్మం తొక్కితే చీపురు తీసేదాన్ని. ఇప్పుడు బుడ్డోడు నా చెప్పు నోట కరుచుకుని నా మంచం మీదే కూర్చుంటున్నాడు, చీపురు వాడికి అడ్డం లేదు.

రెండు సంగతులు రాయాలి. ఒకటి, ముక్కాలి మూడు కాళ్ళ మీద గెంతుకుంటూ ఎప్పుడూ వెనకపడుతుంది కదా, పాపం అని దాని గిన్నె ముందు పెట్టాను. పోలీసు మీదపడి దాని చెవి కొరికాడు. పసుపు రాశాను. రెండు, నీ గదిలో అవన్నీ పడుకునే బొంత ఉంది చూడు, దాని కంపు నా గదిదాకా వస్తుంటే వేడినీళ్ళలో నానబెట్టి, సబ్బు పెట్టి ఉతికేశాను. తెల్లగా వచ్చింది. కానీ దొరసాని దాని మీద కాలు పెట్టడం లేదు. తిండి వాసన చూసి వెళ్ళిపోతోంది. నేనేమైనా తప్పు చేశానా?

వదిన.

*

జూన్ 18

వదినకి,

సంచీ పిడి తెగలేదు. గ్యాసు ఆర్పావా అని నన్ను అడగకముందే నేను అడుగుతున్నాను, ఆర్పావా?

నీ తప్పు ఏమీ లేదు. ఆ బొంతలో నా వాసన ఉంటుంది, నీకు కంపు, దానికి నేను. సబ్బుతో నన్ను ఇంట్లోంచి తోలేశావు, అంతే. నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది. మిగతావాటి వాసనైనా పడుతుంది కదా.

గిన్నెల దగ్గర మాత్రం జాలి పనికిరాదు. ముందు దొరసాని, తర్వాత పోలీసు, ఆ తర్వాత ముక్కాలి, చివర బుడ్డోడు. అది నేను పెట్టిన వరస కాదు, వాళ్ళే తేల్చుకున్నారు. నువ్వు ముక్కాలికి ముందు పెడితే, దానికి లేని పెద్దరికం ఇచ్చినట్టు. దాన్ని అది నిలబెట్టుకోలేదు, తన్నులు తింటుంది.

గేటు తీసేటప్పుడు నాలుగూ బయటికి దూకుతాయని భయపడతావు, నాకు తెలుసు. గేటు మీద చెయ్యి వేసి "ఉండు" అను. ఒక్కసారే. "ఉండవే, ఉండమంటే, ఉండమ్మా, అయ్యో ఉండండి" అంటావు నువ్వు, నేను వెనక గదిలోంచి ఎన్నిసార్లు వినలేదు! అన్నిసార్లు అంటే నువ్వే భయపడుతున్నావని వాటికి తెలిసిపోతుంది. ఒక్కసారి అని, ఆగు. నమ్ము. అవి ఉంటాయి.

ఇక్కడ పని బాగానే సాగుతోంది. కుర్రాళ్ళు మంచివాళ్ళు. తిండి టైముకి పెడుతున్నారు, ఉప్పు తక్కువ.

నీ చిన్నోడు.

*

జూన్ 29

చిన్నోడికి,

గ్యాసు ఆర్పాను. నువ్వు అడిగావు కాబట్టి మళ్ళీ లేచి చూశాను.

వరస మార్చాక గిన్నెల దగ్గర గొడవ లేదు. గొప్ప సంగతే. కానీ "ఉండు" అని ఒక్కసారి అనడం నా వల్ల కావడం లేదురా. నోరు ఆగదు. రెండోసారి అనేలోపే బుడ్డోడు వీధిలో ఉంటున్నాడు. నిన్న టైలరమ్మ వాడి వెనక గుడ్డ కత్తెర చేత్తో పట్టుకునే పరిగెత్తింది. "అవ్వా, వాడికి బొత్తాం కుట్టి గోడకి తగిలించనా?" అంది. కత్తెర పట్టుకుని పరిగెత్తకే తల్లీ అని దాన్ని తిట్టాను, పడితే ఏమయ్యేది?

దొరసాని బొంత మీద పడుకోవడం లేదు, వట్టి నేల మీదే. రొట్టె పాలల్లో నానబెట్టి నోట్లో పెడితే కొంచెం మింగుతోంది. దగ్గు వచ్చింది. కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ముక్కాలిని ఒంటరిగా వదిలితే ఏడుస్తుందని దాన్నీ తీసుకెళ్ళాను, అది నా బుద్ధి తక్కువ. ఆ మందుల వాసన గుమ్మంలోనే తగిలింది దానికి, లారీ గుద్దినప్పుడు కాలు తీసింది అక్కడే కదా. బెంచీ కిందకి దూరి ఒంటికి పోసుకుంది. అందరూ చూశారు.

డాక్టరు దొరసాని ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "గుండె పెద్దదైందమ్మా" అన్నాడు. "దానికి పెద్దగుండేనయ్యా, మిగతా మూడింటినీ అదే కదా పెంచింది" అన్నాను. ఆయన నవ్వలేదు. మాత్రలు ఇచ్చాడు, వయసైపోయింది, తిండి మాత్రం మానకూడదు అన్నాడు.

అందుకని ఒకటి అడుగుతున్నాను. నువ్వు తొడుక్కున్న చొక్కా ఒకటి పంపు. ఉతక్కుండా. ఈ మాట నా నోటి నుంచి వస్తుందని ఎప్పుడైనా అనుకున్నావా?

నీ అక్షరాలు చివరికి వచ్చేసరికి కిందికి జారుతున్నాయి. మంచం మీద కూర్చుని రాస్తున్నావా? బల్ల లేదా అక్కడ?

వదిన.

*

జూలై 8

వదినకి,

బల్ల ఉంది, కదులుతుంది. అందుకే జారుతున్నాయి.

చొక్కా కష్టం. ఇక్కడ బట్టలు పొద్దున్నే వాళ్ళే పట్టుకుపోయి ఉడకబెట్టి తెస్తారు. శుభ్రంలో నీ చెల్లెళ్ళే అందరూ.

వదినా, ఒకటి చెప్తాను, కోప్పడకుండా చదువు. ఇక్కడ పని అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పట్టేలా ఉంది. నాలుగు కుక్కలు నీ వయసుకి ఎక్కువ. గోడౌను కాపలాదారు పోలీసుని ఇవ్వమని ఎప్పటినుంచో అడుగుతున్నాడు, మంచివాడు, సొంత దుప్పటి కప్పుతాడు. వాడికి ఇచ్చెయ్. బుడ్డోడిని తీసుకుంటుందేమో టైలరమ్మని అడుగు, ఎలాగూ వాడు అక్కడే ఉంటాడు కదా. దొరసాని, ముక్కాలి మాత్రం నీ దగ్గర. వాటిని విడదీయకు. ఇచ్చాక ఎలా ఉన్నారో వెళ్ళి చూసి రాయి. వాళ్ళు తింటున్నారో, కట్టేస్తున్నారో, ఎక్కడ పడుకుంటున్నారో అంతా రాయి. త్వరగా చెయ్.

నీ చిన్నోడు.

*

జూలై 16

చిన్నోడికి,

ఇచ్చెయ్యడానికి అవి పాత గిన్నెలా?

నువ్వు తెచ్చిన రోజులు నాకు గుర్తులేవనుకోకు. వాన నీళ్ళలో తడిసిన దొరసానిని చొక్కాలో చుట్టుకొచ్చావు. పోలీసుని మిల్లు గేటు దగ్గర ఎవరో కట్టేసి పోతే తెచ్చావు. ముక్కాలిని రోడ్డు మీంచి ఎత్తుకొచ్చినప్పుడు నీ చేతుల నిండా రక్తం చూసి నీకే ఏదో అయిందని నేను అరిచాను. వద్దురా, ఒకటి చాలు అని తెచ్చిన ప్రతిసారీ చెప్పాను. "ఇంకెక్కడికి పోతాయి వదినా?" అన్నావు. ఇప్పుడు నువ్వే తోలెయ్యమంటున్నావు, అదీ త్వరగా!

నేను చదువుకోలేదు కానీ మరీ అంత మొద్దుని కాదు. నువ్విక వెనక్కి రావడం లేదు, అవునా? ఎవరో దొరికారు అక్కడ. టైలరమ్మతో కూడా అన్నాను, "ఈ వయసులోనా అవ్వా!" అని పకపకా నవ్వింది. నవ్వాల్సిందేముంది? పెళ్ళి చేసుకోమని నేను చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఊరుకున్నదాన్ని. చేసుకో, నేను అడ్డం రాను. వెనక గది కడిగి పెడతాను. కానీ కుక్కలు పడని మనిషిని చేసుకోకురా. దాని కోసం వీటిని తరిమే మనిషివి అవకు. అది మాత్రం నేను చూడలేను.

పోలీసుని ఇవ్వను.

వదిన.

*

జూలై 25

వదినకి,

నీ ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత నవ్వాను. పక్కన ఉన్నాయన ఏమైందని అడిగితే ఆయనకీ చదివి వినిపించాను. ఆయనా నవ్వాడు, ఇద్దరికీ దగ్గొచ్చింది.

సరే, నీ దగ్గర దాపరికం ఎందుకు? ఉంది ఒకావిడ. ఎప్పుడూ తెల్లబట్టలే వేసుకుంటుంది. పొద్దున్నే లేపుతుంది, టైముకి పెడుతుంది, తినకపోతే నీలాగే తిడుతుంది. కుక్కలంటే పడదు, ఒక్క వెంట్రుక కనబడినా ఊరుకోదు. ఆవిడ మాట దాటడానికి లేదు. కాబట్టి నేనిక్కడే ఉండిపోతాననుకో. నన్ను ఎంత తిట్టుకున్నా సరే, పోలీసునీ బుడ్డోడినీ మంచి చోట పెట్టు. నాకు ఆ ఒక్కటీ తెలిస్తే చాలు.

చొక్కా పంపుతున్నాను. ఆవిడ కంటపడకుండా ఒక పగలూ ఒక రాత్రీ తొడుక్కుని, దిండు కింద దాచాను. దొరసానికి ఇవ్వు.

నీ చిన్నోడు.

*

ఆగస్టు 4

చిన్నోడికి,

నీ ఉత్తరం ముందు వచ్చింది, పార్సెలు తర్వాత వచ్చింది. ఆ మధ్యలో నేను కోపంతో ఉన్నాను. ఆ కోపంలోనే పోలీసుని గోడౌనుకి నడిపించుకుపోయి ఇచ్చేశాను. "ఏం పెడతారమ్మా వీడికి?" అని కాపలాదారు అడిగాడు. "ఏది పెట్టినా తింటాడు, పెట్టినవాళ్ళని మాత్రం మర్చిపోడు, వాడు కుక్క కదా" అన్నాను. నిన్ను అనాల్సిన మాట ఆయన్ని అన్నాను. ఆయన బిత్తరపోయాడు. తిరిగి వస్తుంటే పోలీసు మొరగలేదు, అలా చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు చొక్కా వచ్చింది. విప్పి నేల మీద పరిచాను. బుడ్డోడు తోక ఊపి దాని మీద ఒక దొర్లు దొర్లి పోయాడు. దొరసాని లేచి వచ్చింది. కాలరు దగ్గర ముక్కు పెట్టి ఎంతసేపు అలా ఉండిపోయిందో. తర్వాత దాని మీద ముడుచుకుని పడుకుంది. గిన్నె తెచ్చి దగ్గర పెడితే పడుకునే తిన్నది, మొత్తం. నాకు ఎంత సంతోషమేసిందో!

ముక్కాలి చివర వచ్చింది. చొక్కా దగ్గరికి వచ్చీ రాకముందే వెనక్కి దూకి, మంచం కిందకి దూరి ఒంటికి పోసుకుంది. కుక్కల డాక్టరు దగ్గర చేసినట్టే, అచ్చం అలాగే. ఎంత పిలిచినా రాలేదు.

ఇదేంటని నేను ఆ చొక్కా తీసి వాసన చూశాను.

మీ అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆయన బట్టలు ఇంటికి తెచ్చి ఉతికిన చేతులు ఇవి. ఆ వాసన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకే చొక్కాలో దొరసానికి నువ్వు దొరికావు, ముక్కాలికి ఆసుపత్రి దొరికింది. పెళ్ళి, పెళ్ళి అని రాసి నిన్ను నవ్వించినదాన్ని, నేనొక్కదాన్నే ఏమీ పట్టలేకపోయాను.

తెల్లబట్టల ఆవిడ గురించి ఇంక అడగను. ఏ వార్డో రాయి.

వదిన.

*

ఆగస్టు 11

వదినా,

ముక్కాలి పట్టేసిందన్నమాట. దాని ముందు నా ఎత్తులన్నీ ఏపాటి!

మిల్లు లేదు, మిషన్లు లేవు. స్టోరుకీపరు ఉన్నాడు, ఆయనే నన్ను ఇక్కడ చేర్చాడు, నీ ఉత్తరాలు ఆయనే తెచ్చి ఇస్తాడు. ఉత్తరం మీద ఆసుపత్రి పేరు చూస్తావని అలా రాయించాను. కడుపులో గడ్డ. కోసి చూసి మళ్ళీ కుట్టేశారు. నువ్వు మిషన్ల గురించి అడిగినప్పుడు అదే గుర్తొచ్చేది. పాత మిషను విప్పి, చూసి, ఏమీ చేయలేక మళ్ళీ బిగించడం నాకూ తెలిసిన పనే.

ఎందుకు చెప్పలేదని తిడతావు. గొళ్ళెం కోసం లేచే మనిషివి, కత్తెర పట్టుకుని పరిగెత్తిన పిల్ల కోసం భయపడే మనిషివి. అన్నయ్యప్పుడు నువ్వు ఎలా అయిపోయావో నేను చూశాను. మళ్ళీ అది చూడలేక, నువ్వు నా మీద కోపంగా ఉంటేనే నయం అనుకున్నాను. కోపంలో నువ్వు బాగా తింటావు కూడా.

కుక్కలని ఇచ్చెయ్యమన్నది అందుకే. నా చెవులు పనిచేస్తుండగానే అవి ఎక్కడున్నాయో వినాలని. నేను పోయాక ఎవరికో దొరికి, ఎవరో తరిమి, మళ్ళీ రోడ్డు మీద... అది తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టదు. మిగతాదంతా సరే.

నువ్వు రాకు. రెండు రైళ్ళు మారాలి, పెద్ద రోడ్డే దాటలేవు నువ్వు. దొరసాని నీ చేతి మీదుగా తప్ప తినదు ఇప్పుడు. దాన్ని డాక్టరు బల్ల మీద పోనివ్వకు. ఇంట్లోనే, నీ దగ్గరే. అంతే నేను అడిగేది.

నీ చిన్నోడు.

*

ఆగస్టు 19

చిన్నోడికి,

నీ ఉత్తరం గేటు దగ్గరే చదివాను. చదివాక గేటు వెయ్యడం మర్చిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే మూడు కుక్కలూ లోపలే నిలబడి ఉన్నాయి, ఒక్కటీ బయటికి పోలేదు. నేను "ఉండు" అని కూడా అనలేదు.

నిన్ను తిట్టడానికి చాలా మాటలు కూడబెట్టాను, రాయబోతే ఒక్కటీ రావడం లేదు. చిన్నప్పుడు జ్వరం వస్తే నా కొంగు పట్టుకుని పడుకునేవాడివి. ఇప్పుడు ఎవరిది పట్టుకున్నావురా?

నువ్వు అడిగినవన్నీ రాస్తున్నాను, నెమ్మదిగా చదువు. పోలీసుని చూడటానికి వెళ్ళాను. ఎగిరి నా మీద కాళ్ళు వేశాడు, చీర చించాడు. తర్వాత పోయి కాపలాదారు కుర్చీ పక్కనే పడుకున్నాడు. కట్టెయ్యడం లేదు. వాన చలికి గోనె పరిచి, ఆయన దుప్పటిలో సగం కప్పుతున్నాడు, నువ్వు చెప్పినట్టే. నేను వస్తుంటే వీధి మలుపు దాకా వచ్చి, ఆగి, తనే వెనక్కి పోయాడు. నాకు ఏడుపొచ్చింది, వాడికి నేను అక్కర్లేకపోయినందుకో, వాడు బాగున్నందుకో.

బుడ్డోడు టైలరమ్మ దగ్గర. కుట్టుమిషను కింద వాడి మంచం, గుడ్డ ముక్కలతో ఆ పిల్లే కుట్టింది. పెడలు తొక్కుతుంటే వాడి వీపు గోకినట్టవుతుందట. సగం చెప్పులు అక్కడ, సగం ఇక్కడ. మధ్యాహ్నం వచ్చి ముక్కాలితో ఆడి పోతాడు. ఆ పిల్లకి నీ సంగతి చెప్పాను. "పకపకా నవ్వాను కదా అవ్వా ఆ రోజు" అని మిషను మీద తలపెట్టి ఏడ్చింది.

రావద్దన్నావు. దొరసానిని వదిలి రాలేను, అదీ నిజమే. నీ దగ్గరా ఉండలేక, ఇక్కడా నిలవలేక గుమ్మంలో కూర్చుంటున్నాను.

అందుకని ఆ బొంత పంపుతున్నాను. నేను ఉతికిన తర్వాత దొరసాని తప్ప మిగతా మూడూ దాని మీదే పడుకున్నాయి, పోలీసు వాసన కూడా ఓ మూల ఉంటుంది. ఈ మధ్య దొరసాని కూడా నీ చొక్కా ఈడ్చుకొచ్చి దాని మీదే వేసుకుని పడుకుంది. ఎండలో కూడా వెయ్యలేదు. దులపలేదు. ఎలా ఉన్నది అలాగే కట్టాను, చొక్కా మాత్రం దొరసానికే ఉంచాను. తెల్లబట్టల ఆవిడ ఏమన్నా నా పేరు చెప్పు.

వదిన.

*

ఆగస్టు 28

వదినా,

బొంత అందింది. కంపు. వార్డు వార్డంతా కంపు.

నర్సమ్మ ముక్కు మూసుకుని తీసుకుపోబోయింది. వచ్చినప్పటినుంచీ ఆవిడ మాటకి ఎదురు చెప్పలేదు నేను. ఆ రోజు రెండు చేతులతో పట్టుకుని లాగాను. "ఇంత బలం ఎక్కడ దాచావు తాతా?" అంది. ఎవరూ చూడనప్పుడు ఉంచుకో అని కాళ్ళ మీద కప్పి, పైన తెల్లదుప్పటి వేసింది. మంచిది ఆవిడ.

రాత్రి మొహం మీదకి లాక్కున్నాను. నా మొహానికి అంటుకున్న వెంట్రుక నల్లది, పోలీసుది. నాలుగింటినీ వరసగా పిలిచాను, దొరసాని ముందు. నిద్ర పట్టింది.

రాయలేకపోతున్నాను. దొరసాని తిన్నదా?

చిన్నోడు.

*

సెప్టెంబరు 3

చిన్నోడికి,

నీ దగ్గర దాచను. మనం దాచుకున్నది చాలు.

దొరసాని ఈ పొద్దున పోయింది. డాక్టరు బల్ల మీద కాదు, మన ఇంట్లో, నీ గదిలో, నీ చొక్కా మీద. నిన్న సాయంత్రం నా చేతిలో పాలు నాకింది. తెల్లవారాక దాని పక్కన కూర్చుని ఉంటే తల తెచ్చి నా కాలి మీద పెట్టింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ పెట్టలేదు, చీపురు గుర్తుందేమో అనుకునేదాన్ని. ఊపిరి ఒకటి వచ్చింది, ఇంకొకటి వస్తుందని చూశాను. ముక్కాలి మంచం కింది నుంచి తనంతట తను వచ్చి, ఆ చొక్కా అంటే అంత భయపడినది, దాని మీదే పడుకుంది.

కాపలాదారూ టైలరమ్మా వచ్చి పెరట్లో గొయ్యి తీశారు. పోలీసు కూడా వచ్చాడు. మధ్యాహ్నం గిన్నెలు పెట్టేటప్పుడు అలవాటుగా దొరసాని గిన్నె ముందు పెట్టాను. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. నేనే తీశాను.

ఇప్పుడు నన్ను ఇక్కడ ఆపేది లేదు. ముక్కాలి టైలరమ్మ దగ్గర, బుడ్డోడితో కలిసి ఉంటుంది. వెనక్కి వచ్చాక అది నాదే, నేనున్నన్నాళ్ళూ. నాకేమైనా అయితే టైలరమ్మది, అడిగాను, సరేనంది. నువ్వు ఇక దాని గురించి నిద్ర మానుకోకు.

రేపు బయలుదేరుతున్నాను. మొదటి రైలు దాకా కాపలాదారు వచ్చి ఎక్కిస్తాడు, రెండో రైలుకి ఎవర్నైనా అడుగుతాను, నోరుంది కదా. పెద్ద రోడ్డు ఎవరి చెయ్యో పట్టుకుని దాటుతాను, స్టోరుకీపరు ఇంటికి చేరితే ఆయన నీ వార్డు చూపిస్తాడు. గ్యాసు ఆర్పి తాళం చెవి టైలరమ్మకి ఇస్తాను. భయంగానే ఉంది, అబద్ధం ఎందుకు? ఈ ఉత్తరం ముందు వస్తుందో, నేను ముందు వస్తానో తెలియదు. అందుకే రాస్తున్నాను.

నీ చొక్కా తెస్తున్నాను. దాని నిండా దొరసాని వెంట్రుకలు. ఉతకలేదు. ఉతకను.

ఈ మాట పదిసార్లు రాయాలనిపిస్తోంది. చెయ్యి ఆగడం లేదు. కానీ నువ్వు చెప్పినట్టు ఒక్కసారే రాస్తాను, రాసి, నమ్ముతాను. నేను వచ్చేదాకా,

ఉండు.

వదిన.